జ్వరం పోయింది... సత్తువ మాత్రం తిరిగి రాలేదు!

2006లో నాకు ఎనిమిదేళ్లు. ముద్దనూరు దగ్గర మా పల్లె. ఆ ఏడాది మా వీధిలో నిటారుగా నడిచే మనిషే కనిపించలేదు. మా జేజి గోడ పట్టుకుని నడిచేది. ఎదురింటి మామ అగ్గిపుల్ల గీయలేక, బీడీ ముట్టించమని మమ్మల్ని పిలిచేవాడు. బడిలో అయ్యవారు సుద్దముక్క పట్టుకోలేక నోటితోనే లెక్కలు చెప్పేవారు. పిల్లలకు అదంతా తమాషా కదా! వంగి వంగి నడుస్తూ ఒకరినొకరు చూసి నవ్వుకునేవాళ్లం. మా ఇంట్లో అమ్మ మంచం పట్టేదాకా.

ఊళ్లో అందరూ దాన్ని ‘చికెన్ గున్యా’ అన్నారు. పేరులోనే చికెన్ ఉంది కాబట్టి కోడి తింటే వస్తాదని కొన్నాళ్లు ఎవరూ కోడి జోలికి పోలేదు. నిజానికి కోడికీ దానికీ ఏ సంబంధమూ లేదు. 1952లో ఇప్పటి టాంజానియా దేశంలోని మకొండే పీఠభూమిలో బయటపడిన జ్వరం అది. చికున్‌గున్యా అంటే అక్కడివాళ్ల భాషలో ‘వంగిపోయేట్టు చేసేది’ అని. మా వీధిని చూసి పెట్టినట్టే ఉంటుంది ఆ పేరు.

అమ్మకు అప్పటికి ముప్పై కూడా నిండలేదు. జ్వరం నాలుగు రోజుల్లో పోయింది. చీలమండలు, మణికట్ల వాపులు రెండు మూడు నెలలు ఏడిపించి అవీ తగ్గాయి. తగ్గనిది ఒకటే. నిస్సత్తువ. పొద్దున లేచి కసువు ఊడ్చి, రెండు బిందెల నీళ్లు తెచ్చేసరికే అరుగు మీద కూలబడేది. శనగ చేలోకి ఒకరోజు కూలికి పోతే మూడు రోజులు లేవలేకపోయేది.

“ఏంది పిల్లా, బాలింతరాలి మాదిరి యాపొద్దూ పండుకోనే ఉంటావు?” అనేది జేజి. నాయన నోరు తెరిచి ఏమీ అనేవాడు కాదు గానీ, చెంబు ఠక్కున కింద పెట్టే చప్పుడులో అన్నీ వినిపించేవి. నేనూ అన్నా. పదో తరగతిలో ఉన్నప్పుడు ఒకరోజు క్యారియర్ కట్టలేదని కోపమొచ్చి, “నీకెప్పుడూ చాతగాదు చాతగాదు అనడమేనామ్మా?” అనేశా. అమ్మ ఏమీ అనలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. ఎందుకంటే, అమ్మ మంచం పట్టిన పదిహేనేళ్లకు ‘నాకు చాతగావడం లేదు’ అని చెప్పుకోవాల్సిన వంతు నాకొచ్చింది.

నీళ్లు లేని ఊళ్లో దోమలా?

దోమలంటే మురుగు, చిత్తడి, వానాకాలం గుర్తొస్తాయి. మరి వానే సరిగా కురవని రాయలసీమలో చికున్‌గున్యా అంతగా ఎట్లా పాకింది? నాకు చాన్నాళ్లు ఈ సందేహం ఉండేది. సమాధానం మా ఇంటి వాకిట్లోనే ఉంది.

కర్నూలు నుంచి కడప దాకా కేసీ కాలువ పారుతుంది. అది తడిపే ఊళ్లు కొన్ని, తడపని ఊళ్లు ఎన్నో. మాది రెండో రకం. నీళ్లు ఎప్పుడు వస్తాయో తెలియదు. ట్యాంకర్ వచ్చిందంటే చాలు, ఉన్న పాత్రలన్నీ నింపుకోవాల్సిందే. సిమెంటు తొట్టి, నీలం రంగు డ్రమ్ము, కుండలు, బిందెలు, ఆఖరికి పగిలిన బక్కెట్టు కూడా. నీళ్ల విలువ తెలిసినవాళ్లం కదా, అడుగున ఉన్న నీళ్లు పారబోయడానికి మనసు రాదు. వాటి మీదనే కొత్త నీళ్లు పోస్తాం.

చికున్‌గున్యాను, డెంగీని మోసుకొచ్చే ఏడిస్ ఈజిప్టై దోమకు కావాల్సింది సరిగ్గా ఇదే. దానికి మురుగు అక్కర్లేదు. ఇంట్లో నిలవ ఉన్న మంచినీళ్లు కావాలి. నీటిమట్టానికి కాస్త పైన, తొట్టి లోపలి గోడకు గుడ్లు అంటిస్తుంది. నీళ్లు ఎండిపోయినా ఆ గుడ్లు నెలల తరబడి చావవు. మళ్లీ ట్యాంకర్ వచ్చి తొట్టి నిండగానే పొదుగుతాయి. వారం పది రోజుల్లో దోమలై ఎగురుతాయి. పట్టపగలే కుడతాయి. అంటే కరువే మా ఇళ్లలోకి దోమను పిలిచి తొట్టి పక్కన కూర్చోబెట్టిందన్నమాట.

మన దేశంలో ఈ జ్వరం 1963లో కోల్‌కతాలో, తర్వాత చెన్నైలో, మన కోస్తా పట్టణాల్లో, 1973లో మహారాష్ట్రలోని బార్శీలో కనిపించింది. ఆ తర్వాత 32 ఏళ్లు చప్పుడు లేదు. 2005 చివర్లో ఆంధ్రప్రదేశ్, కర్ణాటకల్లో ఒక్కసారిగా లేచింది. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ శాస్త్రవేత్తలు పరీక్షించి, ఇది పాత ఆసియా రకం కాదు, ఆఫ్రికా రకం అని తేల్చారు. 2006 ఒక్క ఏడాదిలో దేశంలో దాదాపు 13.9 లక్షల అనుమానిత కేసులు లెక్కకొచ్చాయి.

అయితే ఈ లెక్కలన్నీ జ్వరానివి. జ్వరం తగ్గిన తర్వాత ఎంతమంది మా అమ్మలాగా మిగిలిపోయారో ఆ లెక్కలో ఉండదు.

నా వంతు

నేను కర్నూలులో ఇంజినీరింగ్ చదివి, క్యాంపస్ ఇంటర్వ్యూలో బెంగళూరు ఉద్యోగం కొట్టా. కరోనా రాగానే అందరిలాగే ల్యాప్‌టాప్ సర్దుకుని ఇంటికొచ్చేశా. అప్పటికి నాయన పొద్దుటూరులో చిన్న ఇల్లు తీసుకున్నాడు. 2021 మే నెల, సెకండ్ వేవ్. ఇంట్లో అందరికీ వచ్చింది. నాది అన్నింటికన్నా తేలిక. ఐదు రోజుల జ్వరం, వాసన తెలియకపోవడం, అంతే. ఆస్పత్రి ముఖం చూడలేదు. ఎనిమిదో రోజు లాగిన్ అయిపోయా.

అసలు కథ ఆగస్టులో మొదలైంది. ఒక రిలీజ్ కోసం రెండు రోజులు కూర్చుని పన్నెండేసి గంటలు పని చేశా. అంతకుముందు అది మాకు లెక్కే కాదు. ఈసారి మూడో రోజు పొద్దున కళ్లు తెరిచాగానీ చెయ్యి లేవలేదు. ఒళ్లంతా ఎవరో తడిసిన గోనెసంచులు పరిచినట్టు ఉంది. గొంతు నొప్పి, కీళ్లు లాగడం, వెలుతురు చూస్తే తల పగిలిపోవడం. నేనే రాసిన కోడ్ తెరిచి చూస్తే వేరే ఎవరో రాసినట్టుంది. నాలుగు రోజులకు కాస్త కోలుకుని మళ్లీ పని మొదలుపెట్టా. మళ్లీ పడిపోయా. ఆరు నెలలు ఇదే తంతు.

పరీక్షలకు తక్కువేమీ లేదు. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, బీ12, డీ విటమిన్, ఈసీజీ, ఎక్స్‌రే. రిపోర్టులన్నీ నార్మల్. సాఫ్ట్‌వేర్‌లో ఇట్లాంటి సందర్భం మాకు బాగా తెలుసు. టెస్టులన్నీ పాసవుతాయి, కస్టమర్ మాత్రం ‘పని చేయడం లేదు’ అంటాడు. అప్పుడు కస్టమర్ అబద్ధం చెప్తున్నాడని అనుకోం. మనం రాయాల్సిన టెస్టు ఇంకా రాయలేదని అర్థం. వైద్యంలో మాత్రం నాకు వేరే సమాధానం దొరికింది. ఒక డాక్టరుగారు ఫైలు మూసేసి నాయనతో, “ఆడపిల్ల కదా, టెన్షన్. ఒక సంబంధం చూడండి, అంతా సర్దుకుంటుంది” అన్నారు.

సంబంధాలు చూశారు కూడా. పెళ్లిచూపుల రోజు చీర కట్టుకుని గంటసేపు కూర్చున్నందుకు మరుసటి రెండు రోజులు మంచం మీదనే ఉన్నా. ఆ సంగతి ఎట్లాగో వాళ్ల చెవిన పడింది. “యాపొద్దూ పడుకునే పిల్ల అంట కదా” అని మధ్యవర్తితో చెప్పి పంపించారు. ఆ రాత్రి అమ్మ నా పక్కన కూర్చుని తల నిమురుతూ, “నాకూ ఇట్లనే ఉండేది పాపా. ఎవరికి చెప్పినా నమ్మేవాళ్లు కాదు” అంది. పదో తరగతి నాటి క్యారియర్ గుర్తొచ్చి నేను తల తిప్పేసుకున్నా.

చివరికి కర్నూలులో ఒక పెద్దవయసు ఫిజీషియన్ దగ్గరికి వెళ్లాం. ఆయన రిపోర్టులు చూడకముందే ఒక ప్రశ్న అడిగారు. “పని చేసిన రోజు ఎట్లుంటుందని కాదమ్మా, ఆ మర్నాడు, ఎల్లుండి ఎట్లుంటుంది?” ఏడాదిలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయనే. అప్పుడు తెలిసింది, నాకున్నదానికి ఒక పేరుందని. క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్. పూర్తి పేరు మయాల్జిక్ ఎన్‌సెఫలోమైలైటిస్ కలిపి ఎంఈ/సీఎఫ్‌ఎస్ అంటున్నారు.

ఇది ‘అలసట’ కాదు

మనందరం అలసిపోతాం. నిద్రపోతే తేరుకుంటాం. ఇందులో నిద్రపోయినా తేరుకోరు. 2015లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ వేల పరిశోధనా పత్రాలు తిరగేసి దీనికి గుర్తులు చెప్పింది. ఆరు నెలలకు మించి, విశ్రాంతికి లొంగని అలసట. ఎంత పడుకున్నా తీరని నిద్ర. చిన్న శ్రమకే, అదీ గంటల తర్వాతో మర్నాడో, మనిషి పూర్తిగా కూలబడటం. దీన్నే పోస్ట్ ఎగ్జర్షనల్ మలైజ్ అంటారు, ఈ జబ్బుకు అసలు ముద్ర ఇదే. వీటితోపాటు మెదడు మొద్దుబారడమో, నిలబడితే కళ్లు తిరగడమో, రెండూనో ఉండాలి. అమెరికాలో ఈ జబ్బు ఉన్నవాళ్లలో 84 నుంచి 91 శాతం మందికి తమకు ఇది ఉందనే తెలియదని అదే నివేదిక అంచనా. అక్కడే అట్లా ఉంటే మన పల్లెల సంగతి వేరే చెప్పాలా!

‘అంతా నీ మనసులోనే ఉంది’ అనే మాట మాకే కొత్త కాదు. 1955లో లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆస్పత్రిలో 290 మందికి పైగా సిబ్బంది వింత జబ్బుతో పడిపోయారు. ఎక్కువమంది నర్సులు. పదిహేనేళ్ల తర్వాత ఇద్దరు మానసిక వైద్యులు ఆ రోగుల్లో ఒక్కరినీ పరీక్షించకుండానే, పాత కాగితాలు చూసి, అది ఆడవాళ్ల మూకుమ్మడి హిస్టీరియా అని రాసేశారు. 1984లో అమెరికాలోని లేక్ టాహో ఒడ్డున ఇంక్లైన్ విలేజ్‌లో రెండొందల మంది దాకా ఫ్లూ లాంటిది వచ్చి కోలుకోలేకపోతే, పత్రికలు ‘యప్పీ ఫ్లూ’ అని ఎగతాళి చేశాయి. 1988లో క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అనే పేరు పెట్టారు. క్షయను ‘దగ్గు సిండ్రోమ్’ అన్నట్టుంది ఆ పేరు కూడా!

వైరస్ దొరికిందోచ్!

2009 అక్టోబరు. ‘సైన్స్’ పత్రికలో ఒక పరిశోధన అచ్చయింది. 101 మంది రోగుల్లో 68 మంది రక్తంలో ఎక్స్‌ఎంఆర్‌వీ అనే వైరస్ దొరికింది. ఆరోగ్యంగా ఉన్న 218 మందిలో ఎనిమిది మందిలోనే ఉంది. ప్రపంచమంతా రోగులు ఏడ్చారు, ఆనందంతో. జబ్బుకు కారణం దొరికితే మందు దొరికినట్టే కదా! కొందరైతే ఆగలేక హెచ్‌ఐవీ మందులు వాడటం మొదలుపెట్టారు. బ్రిటన్‌తో పాటు కొన్ని దేశాలు ఈ రోగులు రక్తదానం చేయకూడదన్నాయి.

తర్వాత ఒక్కొక్క ల్యాబూ వెతికింది. ఎవరికీ దొరకలేదు. 2011లో అసలు గుట్టు బయటపడింది. ఆ వైరస్ ఏ రోగి దగ్గర్నుంచీ వచ్చింది కాదు. ప్రోస్టేట్ క్యాన్సర్ కణితిని ఎలుకల్లో పెంచుతున్నప్పుడు రెండు ఎలుక వైరస్‌ల ముక్కలు కలిసి ల్యాబులోనే పుట్టింది. అక్కడి నుంచి నమూనాల్లోకి పాకింది. 2011 డిసెంబరులో ‘సైన్స్’ పత్రిక ఆ పరిశోధనను వెనక్కి తీసుకుంది. 2012లో కొలంబియా యూనివర్సిటీ శాస్త్రవేత్త ఇయాన్ లిప్కిన్ నాయకత్వంలో 147 మంది రోగులను, 146 మంది ఆరోగ్యవంతులను, ఎవరి రక్తం ఏదో తెలియకుండా పరీక్షించారు. మొదట వైరస్ దొరికిందన్న బృందం వాళ్లూ ఇందులో పాల్గొన్నారు. ఒక్కరిలోనూ తేడా కనిపించలేదు. కథ ముగిసింది.

నేను ఇది చదివినప్పుడు నాకు నిరాశ కలగలేదు. మా టీంలోనూ ఇట్లాంటివి చూశా. టెస్ట్ డేటాలోని చెత్తను ప్రొడక్షన్ బగ్ అనుకుని వారాలు వెతికిన రోజులున్నాయి. తప్పు జరగడం వింత కాదు. మూడేళ్లలో దాన్ని పట్టుకుని, అందరి ముందూ ఒప్పుకోవడం గొప్ప. ఒక్క సంగతి మాత్రం గట్టిగా నేర్చుకున్నా. ‘మందు దొరికింది’ అని వాట్సాప్‌లో వచ్చే ప్రతిదానికీ పరుగెత్తకూడదు.

డబ్బో... మన కడపకు దూరపు చుట్టం

అట్లా వెతుకుతుంటే నన్ను కట్టిపడేసిన పేరు డబ్బో. ఆస్ట్రేలియాలో, సముద్రానికి దూరంగా, పొలాలూ గొర్రెలూ ఉండే పట్నం. అక్కడి పరిశోధకులు తెలివైన పని చేశారు. జబ్బు ముదిరిన తర్వాత వచ్చినవాళ్లను కాకుండా, జ్వరం వచ్చిన రోజు నుంచే మనుషులను వెంబడించారు. మూడు రకాల జ్వరాలు. ఎప్‌స్టీన్-బార్ అనే వైరస్ వల్ల వచ్చేది ఒకటి. పశువులూ గొర్రెల నుంచి వచ్చే క్యూ ఫీవర్ ఇంకోటి, అది బ్యాక్టీరియా. మూడోది దోమ కుడితే వచ్చే రాస్ రివర్ వైరస్.

ఈ రాస్ రివర్ ఎవరో కాదు, మన చికున్‌గున్యాకు దాయాది. రెండూ ఆల్ఫావైరస్‌లే. రెండూ దోమ మీద సవారీ చేసేవే. రెండూ కీళ్లను పట్టేవే.

253 మందిని చూస్తే, ఆరు నెలల తర్వాత 12 శాతం మంది ఇంకా మంచం వదల్లేదు. వాళ్లలో ఎక్కువమందికి సీఎఫ్‌ఎస్ లక్షణాలన్నీ సరిపోయాయి. వైరస్ ఏదైనా, బ్యాక్టీరియా అయినా తర్వాత వచ్చిన జబ్బు ఒకేలా ఉంది. మరి ఎవరు కోలుకోలేదు? పిరికివాళ్లా? దిగులు మనుషులా? కాదు. వయసుతో సంబంధం లేదు, ఆడా మగా అని లేదు, మనస్తత్వంతో సంబంధం లేదు. మొదటి జ్వరం ఎంత తీవ్రంగా వచ్చిందన్నదే లెక్క.

ఈ పరిశోధన బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది 2006లో. సరిగ్గా మా అమ్మ అరుగు మీద కూలబడుతున్న ఏడాది! ‘ఇది బద్ధకం కాదు’ అని ప్రపంచంలో ఒక మూల రుజువైపోయిన సంవత్సరమే, ఇంకో మూల మా జేజి అమ్మను బాలింతరాలని దెప్పుతూ ఉంది.

చికున్‌గున్యా మీద నేరుగా జరిగినదీ ఉంది. 2005-06లోనే హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో ఈ వైరస్ జనాభాలో మూడో వంతును పట్టింది. రెండేళ్ల తర్వాత అక్కడివాళ్లను మళ్లీ పలకరించారు. చికున్‌గున్యా తర్వాతి జబ్బుకు రెండు ముఖాలున్నాయని 2018లో వచ్చిన పత్రం తేల్చింది. ఒకటి కీళ్లవాతం, రెండోది దీర్ఘకాలపు అలసట. మన దగ్గర మొదటి ముఖాన్నే గుర్తుపట్టాం. వాపు కంటికి కనిపిస్తుంది కదా. అలసట ఎవరికి కనిపిస్తుంది?

మరి ఆశ ఉందా?

ఉంది. అయితే కొలత ప్రకారం చెప్పుకుందాం.

కరోనా చేసిన ఒకే ఒక్క మేలు ఏమిటంటే, వైరస్ పోయాక కూడా మనిషి కోలుకోకపోవచ్చని ప్రపంచానికి ఒప్పించింది. లక్షల మంది ఒకేసారి ‘మాకు తగ్గలేదు’ అంటే అందరికీ హిస్టీరియా అనలేరు కదా. 2020 డిసెంబరులో అమెరికా పార్లమెంటు లాంగ్ కోవిడ్ పరిశోధనకు 115 కోట్ల డాలర్లు ఇచ్చింది. దశాబ్దాలుగా చిల్లర పైసలతో నడిచిన రంగం ఇది.

2022లో హార్వర్డ్ శాస్త్రవేత్తలు కోటి మందికి పైగా అమెరికా సైనికుల రికార్డులు చూసి, ఎప్‌స్టీన్-బార్ వైరస్ సోకినవాళ్లలో మల్టిపుల్ స్క్లిరోసిస్ అనే నరాల జబ్బు ముప్పు 32 రెట్లు పెరుగుతుందని చూపించారు. మామూలు జ్వరంలా వచ్చిపోయే వైరస్ ఏళ్ల తర్వాత పెద్ద జబ్బుకు కారణం కాగలదని ఇంత గట్టిగా రుజువు కావడం చిన్న సంగతి కాదు.

2025 ఆగస్టులో బ్రిటన్‌లోని ‘డీకోడ్ ఎంఈ’ బృందం 15,579 మంది రోగుల జన్యువులను రెండున్నర లక్షలకు పైగా మామూలు మనుషుల జన్యువులతో పోల్చింది. ఎనిమిది చోట్ల తేడాలు కనిపించాయి. వాటి దగ్గరున్న జన్యువుల్లో ఎక్కువ భాగం రోగనిరోధక వ్యవస్థకో, నరాలకో సంబంధించినవి. కొన్ని మన ఒళ్లు వైరస్‌తో పోరాడే తీరుకు సంబంధించినవి. అయితే ఇది జబ్బును పట్టిచ్చే పరీక్ష కాదు. పైగా అందరూ యూరప్ మూలాలవాళ్లే. కడప రక్తం, కర్నూలు రక్తం అందులో లేదు. మనమూ ఎప్పుడో ఒకరోజు ఆ లెక్కలోకి రావాలి.

ఓడిపోయినవి కూడా చెప్పాలి. రిటుక్సిమాబ్ అనే ఖరీదైన ఇంజెక్షన్ మీద నార్వేలో పెద్ద ఆశలు పెట్టుకున్నారు. 2019లో 151 మంది మీద జరిగిన ట్రయల్‌లో ఉత్తుత్తి మందుకూ దానికీ తేడా రాలేదు. లాంగ్ కోవిడ్‌కు పాక్స్‌లోవిడ్ 15 రోజులు ఇచ్చి చూశారు, 2024లో అదీ ఫలితం లేదని తేలింది. ఈ రోజుకు ఎంఈ/సీఎఫ్‌ఎస్‌ను నయం చేసే మందు లేదు. ఎవరైనా ఉందని డబ్బులు అడిగితే ఇవ్వకండి.

రాకుండా ఆపే దారి మాత్రం దగ్గర్లో ఉంది. జ్వరమే రాకపోతే తోకా ఉండదు. చికున్‌గున్యాకు మొదటి టీకాను 2023 నవంబరులో అమెరికా అనుమతించింది. దుష్ప్రభావాల వల్ల 2025 ఆగస్టులో దాని లైసెన్సును అక్కడ నిలిపేశారు. ఇంకో రకం టీకాకు 2025 ఫిబ్రవరిలో అనుమతి వచ్చింది. మన హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ కూడా చచ్చిన వైరస్‌తో ఒక టీకా తయారుచేసి, ఇంటర్నేషనల్ వ్యాక్సిన్ ఇన్‌స్టిట్యూట్‌తో కలిసి మనుషుల మీద ప్రయోగాలు చేపట్టింది. టీకా మన ఊరికి వచ్చేదాకా మూత వేసిన తొట్టే మన టీకా.

నేను బతుకుతున్న పద్ధతి

ఆ కర్నూలు డాక్టరుగారు నాకు ఒకే మందు చెప్పారు. “నీ ఒంట్లో రోజుకు పది రూపాయలే ఉన్నాయనుకో. ఎనిమిదే ఖర్చు పెట్టు. అప్పు చేస్తే వడ్డీ కట్టలేవు.” దీన్నే పేసింగ్ అంటారు. ‘మెల్లమెల్లగా వ్యాయామం పెంచితే అదే తగ్గుతుంది’ అన్న పాత సలహాను 2021 అక్టోబరులో బ్రిటన్‌లోని నైస్ సంస్థ తన మార్గదర్శకాల నుంచి తీసేసింది. మొండిగా తోసుకుపోతే ఈ జబ్బు ముదురుతుంది. ఇంజినీరింగ్‌లో, ఉద్యోగంలో మాకు నేర్పింది సరిగ్గా దానికి వ్యతిరేకం!

పాత కంపెనీ వదిలేశా. ఇప్పుడు రోజుకు నాలుగు గంటల పని, ఇంటి నుంచే. ఇరవై ఐదు నిమిషాలు పని, పదిహేను నిమిషాలు కళ్లు మూసుకుని పడుకోవడం. అలసట వచ్చాక కాదు, రాకముందే. జీతం సగం. మంచం మీద గడిపే రోజులు నెలకు పదిహేను నుంచి మూడు నాలుగుకు తగ్గాయి.

మీ ఇంట్లో కూడా ఇట్లాంటి మనిషి ఉంటే ఇవి గమనించండి:

• ముందుగా రక్తహీనత, థైరాయిడ్, షుగర్, బీ12, క్షయ లాంటివి లేవని డాక్టరుతో తేల్చుకోండి. మన దగ్గర అలసటకు ఎక్కువసార్లు ఇవే కారణాలు, వీటికి మందులున్నాయి.

• పది రోజులు ఒక నోటుబుక్కులో రాయండి. ఏ రోజు ఏ పని చేశారు, మర్నాడు ఎట్లా ఉన్నారు. డాక్టరుకు వంద మాటల కన్నా ఆ కాగితం ఎక్కువ చెప్తుంది.

• జ్వరం తగ్గిన వెంటనే చేను పనికో, డ్యూటీకో పరుగెత్తకండి. ఒంటికి టైమివ్వండి.

• వారానికోసారి తొట్లు, డ్రమ్ములు ఖాళీ చేసి లోపలి గోడలు పీచుతో రుద్ది కడగండి. ఊరికే నీళ్లు పారబోస్తే గుడ్లు పోవు. మూత గట్టిగా పెట్టండి.

• అన్నింటికన్నా ముందు, ‘బద్ధకం’ అనే మాట మానేయండి.

అమ్మ ఏమందంటే...

కిందటి నెల అమ్మను కూడా ఆ డాక్టరుగారి దగ్గరికి తీసుకుపోయా. ఆయన ఆమెనూ అదే ప్రశ్న అడిగారు. మర్నాడు ఎట్లుంటాదమ్మా అని. అమ్మ కాసేపు ఆయన ముఖం చూస్తూ ఉండిపోయింది. తర్వాత మొదలుపెట్టింది. శనగ చేను, మూడు రోజుల మంచం, చంటిబిడ్డను ఎత్తుకుంటే వణికిన చేతులు, నిలబడి సంగటి కెలకలేక గోడకు ఆనుకోవడం. పంతొమ్మిదేళ్లు ఎవరూ అడగని సంగతులన్నీ చెప్పింది. పక్కన నాయన తల వంచుకుని కూర్చున్నాడు. ఆమెది కీళ్లవాతం ఎంత, ఎంఈ/సీఎఫ్‌ఎస్ ఎంత అని విడదీసి చూపే పరీక్ష లేదని, అయినా లక్షణాలన్నీ సరిపోతున్నాయని డాక్టరుగారు చెప్పారు.

తిరిగొచ్చేటప్పుడు నంద్యాల బస్టాండులో టీ కోసం దిగాం. బెంచీ మీద కూర్చున్నాక అమ్మకు చెప్పా, పదో తరగతిలో నేనన్న మాట గురించి. క్షమించమ్మా అన్నా.

“అది నాకు గ్యాపకమే లేదు పాపా” అంది. గ్యాపకం ఉందని ఆమె కళ్లే చెప్తున్నాయి. తర్వాత గ్లాసు పక్కన పెట్టి, “నాకు బాగు కాకున్నా ఏం కాదులే. ఇది రోగమే అని తెలిసింది గదా, అది చాలు. నేను సోమరిదాన్నేమో అని నాకే అనుమానంగా ఉండేది” అంది.

నాయన ఏమీ మాట్లాడలేదు. బస్సు ఎక్కేటప్పుడు మాత్రం అమ్మ చేతిలోని సంచీ తీసుకున్నాడు. ఇంటికొచ్చిన రెండో రోజు పొయ్యి దగ్గర అమ్మ కూర్చుని వంట చేసుకోవడానికి ఎత్తు స్టూలు ఒకటి తెచ్చి పెట్టాడు. శుక్రవారం తొట్టి కడగడం ఇప్పుడు ఆయన పని.

ఈ వ్యాసం రాయడానికి నాకు పంతొమ్మిది రోజులు పట్టింది. రోజుకు ఇరవై నిమిషాలు. మధ్యలో రెండుసార్లు పడిపోయా. అయినా రాశా. మీ వీధిలో కూడా 2006 నుంచి అరుగు మీద కూలబడి ఉన్న ఒక అమ్మ ఉండే ఉంటుంది. ఆమెను ఒక్కసారి అడగండి, పని చేసిన మర్నాడు ఎట్లుంటాదమ్మా అని.